బీచ్‌లో గుర్రం ఎక్కే ముందు మీ పాదాలు చూసుకోండి

ఈ మధ్య ఒక వీడియో అందరి ఫోన్లలో తిరుగుతోంది. సముద్రం ఒడ్డున ఒకామె గుర్రం మీద వెళ్తోంది. గాలికి ఒక గొడుగు లేచి ఇసుకలో దొర్లింది. గుర్రం బెదిరి పక్కకు గెంతింది, ఆమె కింద పడింది. ఆ కథ అక్కడితో అయిపోవాలి. ఇసుక మీద పడింది కాబట్టి లేచి బట్టలు దులుపుకుని, కాస్త సిగ్గుపడి నవ్వేయాల్సిన మనిషి. కానీ ఆమె చెప్పు రికాబులో, అంటే జీను పక్కన వేలాడే, పాదం పెట్టుకునే ఇనుప కడియంలో, ఇరుక్కుంది. గుర్రం పరుగు తీసింది, ఆమెను కూడా ఈడ్చుకుపోయింది.

చూసినవాళ్లంతా గుర్రానికి పిచ్చి అంటున్నారు. గుర్రానికి ఏ పిచ్చీ లేదు. అనుమానం వస్తే ముందు పరుగెత్తి, తర్వాత వెనక్కి తిరిగి చూసే జంతువు అది. పైగా ఒంటికి ఏదో తగులుకుని వెంటపడి వస్తుంటే ఇంకా బెదిరి ఇంకా వేగంగా పోతుంది. అది ఆగాలని కోరుకోవడం దండగ. మీ పాదం ఇరుక్కోకుండా చూసుకోవడం మాత్రం మీ చేతిలో ఉంది.

సెలవులకు సముద్రం దగ్గరికి వెళ్లేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నీళ్లు తాగండి, ఎండకు క్రీమ్ రాసుకోండి లాంటివి ఇందులో ఉండవు. అవి మీకు తెలుసు.

పాదం సంగతి

రికాబులో పాదం ముందు భాగం మాత్రమే ఆనాలి. వేళ్ల వెనక వెడల్పుగా ఉండే చోటు, అంతే. మడమ కిందికి దిగి ఉండాలి. భయం వేసినప్పుడు మనం చేసేది దీనికి పూర్తిగా ఉల్టా. మడమ పైకి లేస్తుంది, పాదం లోపలికి జారుతుంది, రికాబు చీలమండ దాకా వచ్చి కూర్చుంటుంది. ఆ క్షణంలో పడితే ఇక బయటికి రాదు.

దీన్ని ఆపేది బూటు మడమ. ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల మడమ, నున్నటి అడుగు ఉన్న మూసిన బూటు సరిపోతుంది. మడమ ఉంటే రికాబు అక్కడ అడ్డుకుంటుంది. అడుగు నున్నగా ఉంటే అవసరమైనప్పుడు పాదం జారి వస్తుంది. అందుకే అడుగున లోతైన గాడులున్న ట్రెక్కింగ్ బూట్లు కూడా పనికిరావు, అవి ఇనుమును పట్టేసుకుంటాయి. రికాబు మీ బూటు కన్నా రెండు సెంటీమీటర్లు, మరీ అయితే రెండున్నర వెడల్పు ఉండాలి. ఇరుకైతే పాదం పట్టేస్తుంది. మరీ వెడల్పైతే పాదం మొత్తం దూరిపోతుంది. చిన్న పాదాలున్న ఆడవాళ్లకు, పిల్లలకు జరిగేది ఈ రెండోదే.

బీచ్‌కి వచ్చేవాళ్లు ఎవరు బూట్లతో వస్తారు? అందరూ హవాయి చెప్పులే, లేదా ఉత్తకాళ్లే. గుర్రం నడిపించేవాళ్లు కూడా ఏం పర్లేదు, ఎక్కండి అంటారు. పర్లేదు కాదు. చెప్పులతో ఎక్కవద్దు. గుర్రపు స్వారీ మీ ప్లాన్‌లో ఉంటే బ్యాగులో బూట్లు పెట్టుకోండి. తెచ్చుకోకపోతే ఒక దారి ఉంది. రికాబుల్లో కాళ్లు పెట్టకుండా, రెండు కాళ్లూ వదులుగా వేలాడేసి, జీను ముందు భాగం పట్టుకుని, తాడు నడిపించేవాడి చేతిలో ఉండగా నడక మాత్రమే. అది కుదరదు అంటే ఎక్కకండి.

ఇక నేను చూసినవాటిలో అన్నిటికన్నా భయంకరమైనది పిల్లల విషయం. పిల్లల కాళ్లు రికాబు దాకా అందవు. అప్పుడు నడిపించేవాడు ఏం చేస్తాడంటే, రికాబును వేలాడదీసే తోలు పట్టీ ఉంటుంది కదా, ఆ పట్టీ మడత మధ్యలోకి పాప పాదాన్ని దూరుస్తాడు. పాదం గట్టిగా కూర్చుంటుంది, పాప కదలదు, అమ్మానాన్నలకు ధైర్యంగా ఉంటుంది. కానీ ఆ తోలు మడత ఒక ఉచ్చు. పాప బరువు పడగానే బిగుసుకుంటుంది. పాప పాదం ఆ పట్టీలో కనిపిస్తే అక్కడికక్కడే ఆపి తీయించండి. పట్టీ పొట్టి చేయమనండి. అంత పొట్టిగా కాకపోతే కాళ్లు ఖాళీగా వేలాడనివ్వండి. పాపను జీనుకు బెల్టుతోనో గుడ్డతోనో కట్టడం కూడా ఇదే తప్పు, ఇంకో రూపంలో.

కొన్నిచోట్ల ముందువైపు మూసి ఉన్న రికాబులు, లేదా ఒక పక్క రబ్బరు బ్యాండు ఉండి పడగానే ఊడిపోయేవి ఉంటాయి. అవి కనిపిస్తే ఆ యజమానికి బుద్ధి ఉందని అర్థం.

చేతుల విషయమూ ఇంతే. పగ్గాలను చేతికి చుట్టుకోవద్దు, మణికట్టుకు తగిలించుకోవద్దు. పడుతున్నప్పుడు వదిలేయగలగాలి. నడిపించేవాడు తాడును తన అరచేతికి చుట్టుకుంటే అతనికీ చెప్పండి, ముందు పోయేవి అతని వేళ్లే. గుర్రం మీద నుంచి పడటం పెద్ద విషయం కాదని నేను అనను, మెడ విరగడానికి ఒక్క పడటం చాలు. కానీ పడి విడిపోయినవాళ్లలో చాలామంది లేచి నడుస్తారు. పడి తగులుకున్నవాళ్ల గతి వేరు.

గుర్రం, దాన్ని నడిపించే మనిషి

ఎక్కే ముందు గుర్రం చుట్టూ ఒకసారి తిరిగి చూడండి, వెనక దూరంగా ఉంటూ. నడిచేటప్పుడు తల ఒకే లయలో కాకుండా ఎగిరెగిరి పడుతుంటే కుంటుతోందని లెక్క. జీను అంచుల దగ్గర, పొట్ట పట్టీ కింద పుండ్లుంటే మీ బరువు పడగానే నొప్పికి ఎగురుతుంది. పక్కటెముకలు తేలిన గుర్రాన్ని, నిలబడి కూడా ఆయాసపడుతున్న గుర్రాన్ని వద్దనండి. జాలి కోసమే కాదు, మీ కోసం కూడా.

బరువు సంగతి మొహమాటపడకుండా మాట్లాడండి. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదని సాధారణంగా పాటించే లెక్క. 400 కిలోల గుర్రానికి అది 80 కిలోలు, జీనుతో కలిపి. బీచ్‌లో కనిపించేవి చాలావరకు చిన్న గుర్రాలే. ఇద్దరు ఎక్కడం, ఒళ్లో పసిపిల్లను కూర్చోబెట్టుకోవడం అసలు వద్దు.

పొట్ట కింద పట్టీ బిగించేటప్పుడు కొన్ని గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి. అయిదు నిమిషాలు నడిచాక వదులవుతుంది, జీను పక్కకు జారుతుంది. అప్పుడు ఆపి మళ్లీ బిగించమని అడగండి. మంచివాడైతే అడగకుండానే చేస్తాడు.

హెల్మెట్ గుర్రపు స్వారీదే కావాలి. సైకిల్‌ది తల వెనక కిందివరకు రాదు. లోపల ఈఎన్ 1384 లేదా ఏఎస్‌టీఎం ఎఫ్ 1163 అని భద్రతా ప్రమాణం ముద్ర ఉందా చూడండి. గడ్డం కింద పట్టీ ఊగుతుంటే అది టోపీ, హెల్మెట్ కాదు.

నీళ్లు, ఇసుక

అల తడిపి వెళ్లిన గట్టి ఇసుక మీద గుర్రం హాయిగా నడుస్తుంది. పొడి ఇసుకలో దాని కాళ్ల నరాలు లాగేస్తాయి, త్వరగా అలసిపోతుంది. ఏరు సముద్రంలో కలిసే చోట్ల ఇసుక పైకి గట్టిగా కనిపించి లోపల ఊబిలా ఉంటుంది, అటు వెళ్లొద్దు. పిల్లలు తవ్విన గోతులు కూడా గుర్రం కాలు విరగడానికి చాలు.

నీళ్లలో నిలబడి గుర్రం ముందు కాలితో నీళ్లను చరుస్తుంటే ముచ్చటపడి ఫొటో తీయకండి. పొర్లడానికి సిద్ధమవుతోంది. వెంటనే తల పైకెత్తించి ముందుకు నడిపించమనండి. ఒకవేళ మోకాళ్లు వంచిందా, రెండు పాదాలూ రికాబుల్లోంచి లాగేసి పక్కకు దిగి దూరం పొండి. ఇక్కడ కూడా ఆ పాదాల సంగతే, చూశారా.

గుర్రం మోకాళ్లు దాటిన నీళ్లలోకి వెళ్లొద్దు. వెనక్కి పోయే అలను కిందికి చూస్తే మీరే పక్కకు పోతున్నట్టు తల తిరుగుతుంది. చూపు దూరంగా పెట్టండి. ఆటు పోటు వేళలు అడగండి. వెళ్లిన ఒడ్డు తిరిగొచ్చేటప్పటికి ఉండకపోవచ్చు.

మిగిలినవి

ముందు గుర్రానికి ఒక గుర్రం పొడవు ఎడం. దాని తోకకు మీ గుర్రం తల తగిలితే తన్నులు పడతాయి.

గుర్రం దాదాపు 350 డిగ్రీలు చూస్తుంది, సరిగ్గా తన వెనక మాత్రం కనిపించదు. ఫొటో తీసేవాళ్లు అక్కడే నిలబడతారు. నిలబడకండి.

సెల్ఫీ స్టిక్ తెరవొద్దు. ఫోన్ జారి పడితే పడనివ్వండి, వంగొద్దు.

చున్నీ, స్కార్ఫు, ఎగిరే టోపీ తీసేయండి.

నడిపించేవాడు దౌడు తీయిస్తా అంటాడు. వద్దనండి. వెనక నుంచి కర్రతో అదిలిస్తే దిగిపోండి. డబ్బు పోతే పోయింది.

తిరుగు దారిలో గుర్రం తొందరపడుతుంది. ఒకటి పరుగెత్తితే అన్నీ పరుగెత్తుతాయి. అప్పుడే పాదం చూసుకోండి, లోపలికి జారి ఉంటుంది.

పరుగు అందుకుంటే అరవకండి, దూకకండి. వెనక్కి ఆని కూర్చోండి, జూలు పట్టుకోండి, ఒక పగ్గం మాత్రం లాగి పెద్ద చుట్టు తిప్పండి.

గర్భిణులు, నడుము ఆపరేషన్ అయినవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ఎక్కొద్దు. ఒక్కసారికైనా వద్దు, నడకకైనా వద్దు.

మందు తాగి ఎక్కొద్దు.

తలకు దెబ్బ తగిలితే నొప్పి లేకపోయినా ఆ రోజుకు స్వారీ లేదు, డాక్టర్ దగ్గరికి. మెడ నొప్పి అంటే కదిలించొద్దు, హెల్మెట్ పీకొద్దు.

దిగేటప్పుడు, ఇది చాలామంది మర్చిపోతారు, ఒక కాలు రికాబులో ఉంచి రెండో కాలు తిప్పకండి. ముందు రెండు పాదాలూ బయటికి తీయండి. తర్వాత దిగండి.