నగిషీ కుర్చీ బాగుచేయాలంటే ముందు బోర్లించండి

మా అమ్మమ్మగారి ఊళ్లో, సావిడి మూల వడ్ల బస్తాల వెనక దొరికింది ఈ కుర్చీ. ఒళ్లంతా ఆకుపచ్చ ఎనామిల్ పెయింటు, ఒక కాలు ఊగుతోంది, కూర్చునే చోట పేము అల్లిక కిందికి జారింది. ఇలాంటిది చేతికొస్తే వెంటనే సాండ్ పేపర్ పట్టకండి. నేను పట్టి, కుర్చీ వీపు మీద చెక్కిన నెమలి కన్ను అరగదీసుకున్నాను.

ఏ చెక్కో తెలియడం లేదు

పైరంగు చూసి చెప్పలేం. కుర్చీ బోర్లించి సీటు చట్రం అడుగున గోరంత గీకండి. తోలు వాసనతో, కాస్త జిడ్డుగా, బంగారు గోధుమ రంగులో ఉంటే టేకు. ఊదా కలిసిన గోధుమ రంగులో నల్లచారలుండి తియ్యటి వాసన వేస్తే జిట్రేగి, అంటే రోజ్‌వుడ్. బరువులోనూ తేడా తెలుస్తుంది: ఘనపుటడుగు టేకు సుమారు 18 కిలోలు, జిట్రేగి 23, 24 దాకా తూగుతుంది. చట్రం చుట్టూ వరసగా చిల్లులుంటే పేము చేత్తో అల్లింది. గాడి మాత్రమే ఉంటే రెడీమేడ్ షీటు నొక్కింది.

అమెరికాలో ఉన్న మా అన్నయ్య దీన్ని తీసుకెళ్తానన్నాడు. జిట్రేగి అయితే ముందు అనుమతుల సంగతి చూసుకోవాలి, 2017 నుంచి అది సైటీస్ (అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) నియంత్రణలో ఉంది. మాది టేకు, ఆ టెన్షన్ లేదు.

కూర్చుంటే కిర్రుమంటోంది, కాలు ఊగుతోంది

కూసాల్లో, అంటే ఒక చెక్క నుంచి ఇంకో చెక్క రంధ్రంలోకి దూరే కొనల దగ్గర, పాత జిగురు ఎండి పొడైపోయింది. మేకు కొడితే కూసం చీలుతుంది, తడి తగిలితే ఇనుము చుట్టూ నల్లమచ్చ పడుతుంది. కూసానికి అడ్డంగా వెదురు చీల ఉందేమో చూసి, ఉంటే ముందు దాన్ని తీయండి. జాయింట్లకు చాక్‌పీసుతో నంబర్లు వేసి, చెక్కసుత్తికి గుడ్డ చుట్టి మెల్లగా తట్టి విడదీయండి. మొరాయిస్తే గోరువెచ్చని నీళ్లు ఇంకనివ్వండి. పాత జిగురంతా గోకేయాలి, దాని మీద కొత్తది పట్టదు. బాగా ఆరాక కూసం వదులుగా ఉంటే చిత్రిక పట్టిన పలచటి పేడు అంటించి, ఫెవికాల్ రాసి బిగించండి. క్లాంపులు లేకపోతే తాడు రెండు చుట్లు చుట్టి, మధ్యలో కర్ర దూర్చి మెలిపెట్టండి. నాలుగు కాళ్లూ నేలకు ఆనుతున్నాయో చూసుకుని 24 గంటలు వదిలేయండి.

అడుగున పిండి రాలుతోంది

పుచ్చు పురుగు. టేకులో అది తినేది చేవ లేని తెల్లచెక్కనే. కింద నల్లకాగితం పరిచి వారం చూడండి. పొడి పడకపోతే అవి పాత చిల్లులు, మైనం నింపితే చాలు. పడితే చెక్కపురుగుల మందు సిరంజితో చిల్లుల్లోకి ఎక్కించండి, చేతులకు గ్లవ్స్ ఉండాలి.

నగిషీ సందుల్లో పెయింటు

పాత పెయింటులో సీసం ఉండొచ్చు, పొడిగా గీకి దుమ్ము లేపకూడదు. కాస్టిక్ సోడా పెడితే టేకు నల్లబడుతుంది. ఆరుబయట పెయింట్ రిమూవర్ పూసి, మెత్తబడ్డాక వెదురుపుల్లతో, పాత టూత్‌బ్రష్‌తో తీయండి. నెమలి తోక ఒక్కదానికే నాకు రెండు పూటలు పట్టింది.

పేము జారింది

తెగకపోతే అడుగు నుంచి వేడినీళ్ల గుడ్డతో తడిపి నీడలో ఆరబెట్టండి, బిగుసుకుంటుంది. తెగితే మళ్లీ అల్లించుకోవాలి.

పాలిష్ ఏదో తెలియడం లేదు

కనపడని చోట దూదితో స్పిరిట్ అద్దండి. జిగురుజిగురుగా అయితే లక్క పాలిష్. అలాంటప్పుడు దాని మీద మళ్లీ లక్కే పలచగా, పూతపూతకీ ఆరనిస్తూ వేయండి. వేడి గ్లాసు పెడితే తెల్లటి వలయం పడుతుంది, స్పిరిట్ తడి గుడ్డతో ఒక్కసారి పైపైన తుడిస్తే చాలావరకు పోతుంది.