ఇరానీ హోటల్లో కథ రాయడం: నాకు కుదిరిన పద్ధతి

ఇంట్లో కథ కదలక సికింద్రాబాద్‌లో ఒక ఇరానీ హోటల్లో రాయడం మొదలుపెట్టాను. చిక్కల్లా పక్క టేబుల్ మాటలతోనే. నా పాత్ర నోట్లోకి వాళ్ల మాటలు దూరిపోయేవి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే అక్కడికి వెళ్లడమే దండగ.

అందుకే నోట్‌బుక్ చివరి పేజీలు విన్న మాటలకి వదిలేశాను. "భాయ్, ఒక పౌనా, రెండు ఉస్మానియా, జల్దీ!" అని (పౌనా ఒక రకం చాయ్, ఉస్మానియా బిస్కెట్) వినపడగానే అక్కడ గీకేసి మళ్లీ కథలోకి వస్తాను. పెన్సిలే వాడతాను, సాసర్‌లోంచి చాయ్ ఒలికినా అక్షరం చెదరదు. ఎవరి ఇంటి గుట్టయినా చెవిన పడితే మాత్రం రాయను.

సంభాషణలకి హోటలే మేలు. వర్ణనలకైతే అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వెళ్తాను. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైందది. అక్కడ వాక్యానికి తొందరుండదు. హోటల్లో రద్దీ పెరిగితే వెంటనే టేబుల్ వదిలేస్తాను, కూలి పనికి వెళ్లేవాళ్లు నిలబడి చాయ్ తాగకూడదు కదా.