అర్థమా, అర్ధమా? ట్యాబ్ కొనేముందు జిరాక్స్ షాపుకు వెళ్లండి

నేను పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాను. ఇల్లు నల్లకుంటలో. ఇరవై ఎనిమిదేళ్లు ఎర్ర పెన్నుతో కాగితాల మీదే దిద్దాను. ఇప్పుడు డీటీపీ వాళ్లు ప్రింటు తీసి పంపడం మానేశారు. వాట్సాప్‌లో పీడీఎఫ్ పడేసి "సార్, సాయంత్రానికల్లా" అంటున్నారు. అలా నాకు ట్యాబ్ అవసరం పడింది.

మొదటిసారి తొందరపడ్డాను. పండగ ఆఫర్లో పదకొండు వేలకు పది అంగుళాల ట్యాబ్ ఒకటి కొన్నాను. నెల తిరక్కుండానే దెబ్బ తగిలింది. ఒక సన్మాన సంచిక ముందుమాటలో 'అర్ధశతాబ్ది సాహిత్య సేవ' అని ఉండాల్సింది 'అర్థశతాబ్ది' అని అచ్చయింది. యాభై ఏళ్ల సేవ కాస్తా డబ్బు సేవ అయి కూర్చుంది. సభ సాయంత్రం ఆరింటికి. మధ్యాహ్నం రెండింటి నుంచి నేనూ, మా ఆవిడా, సంపాదకుడి ఇద్దరు పిల్లలూ కూర్చుని ఐదు వందల కాపీలకు స్టిక్కర్లు అతికించాం.

తప్పు నాదే, కాదనను. కానీ ఆ ట్యాబ్‌లో ఆ పేజీ మళ్లీ తెరిచి చూస్తే రెండు మాటలూ ఒకేలా ఉన్నాయి. థ కడుపులో చుక్క ఉంటుంది, ధ కడుపులో ఉండదు. తేడా అంతే. పైగా ఇక్కడ అది ర కింద ఒత్తుగా వచ్చింది. ఒత్తే ఆవగింజంత, అందులో మళ్లీ చుక్క. ఆ తెర మీద అంగుళానికి 150 చుక్కలు కూడా లేవు. పేజీ మొత్తం కనిపించేలా పెడితే ఆ ఒత్తుకు దక్కేవి గట్టిగా పదో పన్నెండో. థ చుక్క అందులో కలిసిపోయింది.

రెండోసారి అందుకే నెల రోజులు ఆగాను. మా మేనల్లుడు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. "మావయ్యా, ఈసారి నేను చెప్పేదాకా కొనొద్దు" అని నాలుగు ట్యాబ్‌లను పక్కపక్కన పెట్టి పట్టిక పంపాడు. ఇరవై వరుసలున్నాయి. ప్రాసెసరు, ర్యామ్, కెమెరా, స్పీకర్లు అన్నీ ఉన్నాయి. యూట్యూబ్ వీడియోలు కూడా చూశాను. వాటిలో సగం సేపు ఆటలే ఆడతారు. నేను దిద్దే పుస్తకాల్లో ఎవరూ ఎవర్నీ తుపాకీతో కాల్చరు. ఆ పట్టికలో నాకు పనికొచ్చినవి మూడు వరుసలే: తెర ఆకారం, తెర సాంద్రత (అంటే అంగుళానికి ఎన్ని చుక్కలో), పెన్ను.

ముందు ఆకారం. పెట్టె మీద 11 అంగుళాలు అని రాసేది మూల నుంచి మూలకు కొలత, అంటే మనం బళ్లో చదువుకున్న కర్ణం. కర్ణం ఒకటే అయినా ఒకటి కోలగా, ఒకటి వెడల్పుగా ఉండొచ్చు. దీనికో చిన్న లెక్క ఉంది. తెర రిజల్యూషన్, అంటే పొడవునా వెడల్పునా ఉన్న చుక్కల లెక్క, 2360 × 1640 అని ఉంటే పెద్ద అంకెను చిన్నదానితో భాగించండి. 1.44 వస్తుంది. అది 2025లో వచ్చిన మామూలు ఐప్యాడ్, ఏ16 చిప్‌ది. ఏ4 కాగితానికి అదే లెక్క వేస్తే, అంటే 297ను 210తో భాగిస్తే, 1.41. ఈ రెండూ ఎంత దగ్గరగా ఉంటే పేజీ తెరలో అంత నిండుగా కూర్చుంటుంది. శాంసంగ్ ట్యాబ్ ఎస్10 ఎఫ్ఈ 2304 × 1440, అంటే 1.6. షావోమీ ప్యాడ్ 7 దాదాపు 1.5. 2023లో వచ్చిన మొదటి వన్‌ప్లస్ ప్యాడ్ 1.4, అంటే అచ్చం ఏ4 కాగితం తీరే.

ఈ అంకెలు నోట్‌బుక్కులో రాసుకుని రెండు రోజులు చూస్తూ కూర్చున్నాను. బుర్రకు ఎక్కలేదు. మూడో రోజు చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం నుంచి వస్తూ జిరాక్స్ షాపు దగ్గర ఆగాను. అప్పుడు వెలిగింది. ట్యాబ్‌లో ఏ4 పేజీ చూడటమంటే ఆ పేజీని తగ్గించి జిరాక్స్ తీసుకోవడమే కదా!

నిలువుగా పట్టుకుంటే శాంసంగ్ వెడల్పు దాదాపు 5.8 అంగుళాలు. ఏ4 వెడల్పు 8.27. అంటే పేజీ 70 శాతానికి తగ్గుతుంది. ఐప్యాడ్‌లోనూ షావోమీలోనూ 75 శాతం. మొదటి వన్‌ప్లస్ ప్యాడ్ 11.6 అంగుళాలది కాబట్టి 80 దాటుతుంది. నా పాత ట్యాబ్ 65. సంచీలో ఉన్న ఒక ప్రూఫు పేజీ తీసి ఈ నాలుగు సైజుల్లో ఒక్కొక్కటి ఇమ్మన్నాను. షాపు కుర్రాడు "డెబ్భై అంటే ఏ5కి దించడమే కదా అంకుల్, డెబ్భై ఒకటి పెడతా" అన్నాడు. నిజమే, ఏ4ను ఏ5లోకి దించితే సరిగ్గా 71 శాతం. నాలుగు కాగితాలకు పది రూపాయలు కూడా కాలేదు. పేజీలో అక్షరం 14 పాయింట్లు. 80లో హాయిగా చదివాను. 75లో కూడా ఇబ్బంది లేదు. 70లో చదవగలిగాను కానీ పది నిమిషాలకు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాను. 65 కాగితాన్ని పట్టుకుంటే ఆ స్టిక్కర్ల మధ్యాహ్నం గుర్తొచ్చింది.

మీరు ప్రూఫులు దిద్దకపోవచ్చు. అమ్మాయి ఇంటర్ మెటీరియల్ కావచ్చు, మీ ఆఫీసు కాగితాలు కావచ్చు. మీరు రోజూ ఎక్కువగా చూసే పేజీ ఒకటి పట్టుకెళ్లి ఈ పని చేయండి. షోరూములో గంట నిలబడినా తేలనిది ఇక్కడ ఐదు నిమిషాల్లో తేలుతుంది.

ఇక్కడితో ఐప్యాడో వన్‌ప్లసో కొనేయాలి. కానీ మేనల్లుడు ఆదివారం ఇంటికొచ్చి ఒక మెలిక పెట్టాడు. "మావయ్యా, మీ పుస్తకాలు నిజంగా ఏ4 సైజేనా?" కాదు. నేను దిద్దేవాటిలో ఎక్కువ డెమ్మీ సైజు, అంటే ఐదున్నర అంగుళాలకు ఎనిమిదిన్నర. డీటీపీ వాళ్లు దాన్ని ఏ4 కాగితం మధ్యలో పెట్టి చుట్టూ ఖాళీ వదిలి పంపుతారు. పీడీఎఫ్ యాప్‌లో ఆ అంచులు కత్తిరిస్తే డెమ్మీ పేజీ శాంసంగ్ కోల తెరలో కూడా అసలు సైజులోనే కూర్చుంటుంది. కిందటి ఏడాది పనుల చిట్టా తీసి లెక్కపెట్టాం. ఇరవై మూడింటిలో పదిహేడు డెమ్మీ, ఆరు పెద్ద సైజు సంచికలు. అంటే ఆకారం విషయంలో నా పంతం ఆ ఆరింటి కోసమే. అందుకే సైజు చూసేముందు మీ పని ఏ సైజులో ఉందో లెక్కపెట్టుకోండి. నేను వెనక నుంచి ముందుకొచ్చాను.

మరో మాట. డీటీపీ ఆపరేటరును ఎప్పుడూ పీడీఎఫే అడగండి. డీటీపీ వాళ్లు వాడే పాతరకం అను ఫాంట్లలో కొట్టిన వర్డ్ ఫైలు పంపితే ఏ కంపెనీ ట్యాబ్‌లో తెరిచినా పిచ్చి గీతలే కనిపిస్తాయి. పాపం ట్యాబ్‌ను తిట్టుకుంటాం.

సాంద్రతకు నేనో పరీక్ష పేజీ తయారు చేసుకున్నాను. ఎడమ పక్క అర్థం, కుడి పక్క అర్ధం. కింద వ, ప, ష. మ, య. ఘ, ఝ. తర్వాత స్త్రీ, రాష్ట్రం, వార్ధక్యం, స్వాతంత్ర్యం. ఇవే 14, 12, 10, 8 పాయింట్లలో. అంకెల్లో చెప్పాలంటే అంగుళానికి 260 దాటిన తెరల మీద 8 పాయింట్లలోనూ థ చుక్క విడిగా కనిపించింది. 11 అంగుళాల్లో 1920 × 1200 ఉన్నవాటి మీద, అంటే 206 దగ్గర, 10 దాకా ఫర్వాలేదు. శాంసంగ్‌ది 249. నా కంటికి ఐప్యాడ్ 264కూ దానికీ తేడా తెలియలేదు.

ఈ పేజీని షోరూములో తెరవడానికి ఒక కిటుకు. డెమో పీసుల్లో యాప్‌లు వేయనివ్వరు, పెన్‌డ్రైవు పెట్టనివ్వరు. కానీ బ్రౌజరు తెరుచుకుంటుంది. ఫైలును గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, లింకు ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చని మార్చి, ఆ లింకును పొట్టిగా చేసుకుని వెళ్లండి. షోరూము వైఫై రాకపోతే మీ ఫోన్ హాట్‌స్పాట్ ఇవ్వండి. మీ జీమెయిల్‌తో మాత్రం అక్కడ లాగిన్ కావొద్దు. వెలుతురు సగానికి తగ్గించి చూడండి, డెమోలో ఎప్పుడూ ఫుల్లు పెట్టి ఉంచుతారు. ట్యూబ్‌లైటు కింద వంచి చూస్తే మన మొహమే కనిపిస్తుంది. దానికి ఏ కంపెనీ మినహాయింపు కాదు.

ఆదివారం సాయంత్రం వెళ్లకండి. మంగళవారమో బుధవారమో పదకొండింటికి వెళితే సేల్స్ కుర్రాళ్లే కుర్చీ వేస్తారు. నేను చూడటానికి పెద్ద షోరూములకు వెళ్లాను, ధర కనుక్కోవడానికి సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్లాను. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర మారి, తర్వాతి స్టేషను ప్యారడైజ్‌లో దిగితే నడిచిపోవచ్చు. సీటీసీలో బేరం ఆడే వీలుంది కానీ సీలు విప్పి చూపించరు. షోరూములో విప్పి చూపిస్తారు, బేరం లేదు. రెండూ తిరగాల్సిందే.

ఇక పెన్ను. రబ్బరు మొన పెన్ను వంద రూపాయలకు కోఠిలో దొరుకుతుంది, అది వేలుకు బదులు మాత్రమే. ప్రూఫు దిద్దడానికి ట్యాబ్‌తో మాట్లాడే పెన్ను కావాలి. అది ఏ మోడల్‌కు పని చేస్తుందో ముందే అడగండి. శాంసంగ్‌లోనే ట్యాబ్ ఏ9 ప్లస్‌కు ఎస్ పెన్ పనిచేయదు, ఎస్10 ఎఫ్ఈకి పెట్టెలోనే ఇస్తారు.

చేతికిచ్చిన ప్రతి పెన్నుతో నేను రెండు పనులు చేశాను. అరచేయి పూర్తిగా తెర మీద ఆనించి 'శ్రీ' రాశాను. చేయి ఆనినచోట గీతలు పడ్డా, పేజీ జరిగినా ఆ ట్యాబ్ నాకొద్దు. తర్వాత మూల నుంచి మూలకు ఏటవాలుగా, చాలా మెల్లగా ఒక గీత గీశాను. మంచి పెన్ను తిన్నగా గీస్తుంది, నాసిరకంది మెట్లు మెట్లుగా వణుకుతుంది. వణుకు నా చేతిదా పెన్నుదా అని అనుమానం వస్తే మేనల్లుడి చేత గీయించాను.

ఐప్యాడ్ మామూలు మోడల్‌లో పైగాజుకూ కింది తెరకూ మధ్య సన్నటి ఖాళీ ఉంటుంది. పెన్ను మొన ఒకచోట, గీత వెంట్రుకవాసి కింద పడినట్టు అనిపిస్తుంది. నోట్సు రాసుకునేవాళ్లకు పట్టకపోవచ్చు. ఒత్తు కింద సున్నా చుట్టే నాకు పట్టింది. ఐప్యాడ్ ఎయిర్‌లో ఈ ఖాళీ లేదు, కానీ ధర నా పరిధి దాటింది. ఎస్ పెన్‌తో రాయడానికి ఛార్జింగ్ అక్కర్లేదు, యాపిల్ పెన్సిల్‌కు కావాలి.

ఇప్పుడు డబ్బులు. ట్యాబ్ ధర ట్యాబ్ ధరతో పోల్చకండి. విడుదలైనప్పుడు ఐప్యాడ్ 34,900, ఎస్10 ఎఫ్ఈ 42,999. చూడగానే ఎనిమిది వేలు తేడా. ఐప్యాడ్‌కు వాళ్ల చవక పెన్సిల్, యూఎస్‌బీ-సీది, 7,900. కలిపితే 42,800. తేడా 199 రూపాయలకు దిగింది. పెట్టెలో ఛార్జర్ ఉందో లేదో అడిగి, కవరు, పైన అతికించే గాజు కూడా కలిపి మొత్తం రాసుకోండి. ఆఫర్లు వారానికోలా మారతాయి కాబట్టి మీరు వెళ్లే రోజు మళ్లీ రాసుకోవాలి. నో కాస్ట్ ఈఎంఐ అంటే మురిసిపోకండి. వడ్డీని తగ్గింపుగా ఇచ్చినా ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ కార్డు బిల్లులో వస్తుంది, ప్రాసెసింగ్ ఫీజు వేరే.

మిగతావి చకచకా. 128 జీబీకి తక్కువ వద్దు. పాత పుస్తకాల స్కాన్లు దించుకుంటే ఇట్టే నిండుతుంది. ఐప్యాడ్‌కు, షావోమీ ప్యాడ్ 7కు మెమరీ కార్డు పెట్టే వీల్లేదు, ఎస్10 ఎఫ్ఈకి ఉంది. సిమ్ మోడల్ నాకు అనవసరం అనిపించింది, ఫోన్ హాట్‌స్పాట్ చాలు. అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో కంపెనీ సైట్లో చూడండి. 2019 నాటి ఐప్యాడ్‌కు 2024లో కూడా కొత్త వెర్షన్ వచ్చింది, నా పదకొండు వేలదానికి ఒక్కటీ రాలేదు. ఇంట్లో ఓటీటీ చూసేవాళ్లుంటే ఆండ్రాయిడ్‌లో వైడ్‌వైన్ (వీడియోలు కాపీ కాకుండా కాచే ఏర్పాటు) ఎల్1 ఉందో లేదో అడగండి. ఎల్3 అయితే నెట్‌ఫ్లిక్స్ బొమ్మ మసగ్గా వస్తుంది. ఈ ప్రశ్న మా ఆవిడది. కోల తెర సినిమాకు నయం అన్నదీ ఆవిడే.

చివరికి శాంసంగ్ తీసుకున్నాను. పదిహేడు డెమ్మీ పుస్తకాలు, పెట్టెలోనే పెన్ను, మెమరీ కార్డు. ఆరు సంచికలు వచ్చినప్పుడు ట్యాబ్‌ను అడ్డంగా తిప్పి సగం పేజీ చొప్పున దిద్దుతున్నాను. సంచికలే ఎక్కువగా దిద్దేవాడినైతే వెడల్పు తెరే కొనేవాణ్ని.

కొన్నరోజు షాపులోనే కూర్చుని పెట్టె విప్పించాను. తెర మొత్తం తెల్లగా, తర్వాత నల్లగా పెట్టి చచ్చిన చుక్కలేమైనా ఉన్నాయేమో చూశాను. పెట్టె మీది సీరియల్ నంబరు, సెట్టింగ్స్‌లోది, బిల్లు మీదిది మూడూ కలిశాయి. బిల్లులో నా పేరుకు మాత్రం ఒక అక్షరం ఎక్కువ పడింది. దిద్దించి, కొత్త ప్రింటు తీయించుకుని వచ్చాను.