మెడికల్ స్కూల్‌కి అప్లై చేస్తారా, ఇవాళే ఒక నోట్ మొదలుపెట్టండి

అమెరికాలో ఎండీకి (అక్కడ డాక్టర్ అవ్వడానికి చదివే డిగ్రీ) అప్లై చేద్దామనుకునేవాళ్లు ఫోన్‌లో ఒక నోట్ తెరిచి, వాలంటీరింగ్, షాడోయింగ్ (డాక్టర్ వెంట ఉండి పని చూడటం), రీసెర్చ్ ఏది చేసినా ఆ రోజే తేదీ, గంటలు, సూపర్‌వైజర్ పేరు, ఈమెయిల్ రాసిపెట్టుకోండి. ఆమ్‌కాస్ (చాలా ఎండీ స్కూళ్లకి ఒకేచోట అప్లై చేసే ఆన్‌లైన్ సర్వీస్) అప్లికేషన్‌లో 15 యాక్టివిటీల దాకా ఇవ్వొచ్చు, ఒక్కోదానికి స్పేస్‌లతో కలిపి 700 క్యారెక్టర్లే. అందులో ముఖ్యమైనవని ఎంచుకున్న 3టికి మాత్రం ఇంకో 1,325 చొప్పున ఉంటాయి.

గంటల కన్నా విలువైనది ఇంకోటి ఉంది: ఆ రోజు మనసులో నిలిచిపోయిన సంగతి రెండు లైన్లు రాయండి (పేషెంట్ పేరు మాత్రం ఎక్కడా వద్దు). ‘ఎంతో నేర్చుకున్నాను’ అని అందరూ రాస్తారు, చదివేవాళ్లకి విసుగు. అదే, సరిగ్గా వినిపించని పెద్దాయనకి మందులు ఎప్పుడు వేసుకోవాలో అర్థమయ్యేలా చెప్పడానికి నర్స్ ఎలా తంటాలు పడిందో రాస్తే మీరు నిజంగా అక్కడ ఉండి చూశారని తెలుస్తుంది. పదిహేనూ నింపాలని నాలుగుసార్లు వెళ్లిన క్లబ్బులు ఇరికించకండి, చూడగానే దొరికిపోతారు.

రికమండేషన్ లెటర్లు రెండు మూడు నెలల ముందే అడగండి. చాలా స్కూళ్లు అప్లికేషన్లు వచ్చిన కొద్దీ చూస్తూ ఇంటర్వ్యూలకి పిలుస్తాయి, పైగా మార్కుల వెరిఫికేషన్‌కే వారాలు పట్టొచ్చు, అందుకే జూన్‌లోనే సబ్మిట్ చేసేయండి.