హౌసింగ్ హియరింగ్‌లో మాట్లాడటం ఎలా? కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్ళ కోసం

మీ ఇంటికి దగ్గర్లో ఒక స్థలానికి జోనింగ్ (అక్కడ ఏం కట్టొచ్చో, ఎంత కట్టొచ్చో చెప్పే నిబంధన) మారుస్తున్నామనీ, ఫలానా రోజు పబ్లిక్ హియరింగ్ ఉందనీ సిటీ నుంచి ఒక కార్డు వస్తుంది. పిజ్జా కూపన్లతో పాటు అదీ రీసైకిల్ డబ్బాలో పడుతుంది. రెండేళ్ళ తర్వాత ఆ స్థలంలో ఐదంతస్తుల బిల్డింగ్ లేస్తుంటే వాట్సాప్ గ్రూపులో గోల మొదలవుతుంది. అప్పటికి చేయగలిగింది ఏమీ మిగలదు. ఆ కార్డు వచ్చిన రోజు నుంచి ఏం చేయాలో చెప్తాను.

ముందు, ఎవరి చేతిలో ఏముందో తెలుసుకోండి

ఇది అర్థం కాకపోతే మిగతాదంతా వృథా ప్రయాస. 1969 నుంచీ కాలిఫోర్నియా రాష్ట్రం ప్రతి సిటీ చేతా హౌసింగ్ ఎలిమెంట్ అనే ప్లాన్ రాయిస్తోంది. ఎనిమిదేళ్ళకోసారి ఇన్ని ఇళ్ళకి చోటు చూపించాలని ఒక కోటా దిగుతుంది. అందరూ దాన్ని ‘రీనా’ అంటారు. 2023–2031కి బే ఏరియా మొత్తం కోటా 4,41,176 ఇళ్ళు. అందులో ఫ్రీమాంట్ వాటా 12,897, సన్నీవేల్ వాటా 11,966, కూపర్టినో వాటా 4,588. సిటీ ఆ ఇళ్ళు కట్టక్కర్లేదు, ఎవరైనా కట్టుకునేలా జోనింగ్ ఇస్తే చాలు. కానీ హియరింగ్ రాత్రి వేదిక మీద కూర్చున్న సిటీ కౌన్సిల్ సభ్యుల్లో ఎవరికీ ఆ అంకె తగ్గించే అధికారం లేదు.

కాదని మొండికేస్తే ఏమవుతుంది? బే ఏరియా సిటీలకి గడువు 2023 జనవరి 31. కూపర్టినో తన ప్లాన్‌కి ఆమోదం తెలిపేసరికి 2024 మే వచ్చింది. ఆ ఆలస్యంలో బిల్డర్స్ రెమెడీ కింద దరఖాస్తులు పడ్డాయి. అంటే, సరైన ప్లాన్ లేని సిటీలో, కొన్ని ఇళ్ళు తక్కువ ఆదాయం వాళ్ళకి కేటాయిస్తానన్న బిల్డర్‌ని జోనింగ్ ఒప్పుకోదని చెప్పి తిప్పి పంపలేరు. 2022లో వుడ్‌సైడ్ అనే చిన్న ఊరు, మా ఊరంతా కొండ సింహాలు తిరిగే చోటు, కాబట్టి ఒకే ఇల్లుండే స్థలాల్లో ఎక్కువ ఇళ్ళు కట్టనిచ్చే ఎస్‌బీ 9 అనే రాష్ట్ర చట్టం మాకు వర్తించదంది. రాష్ట్ర అటార్నీ జనరల్ నుంచి ఉత్తరం రాగానే ఆ మాట వెనక్కి తీసుకుంది.

అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే. ‘వద్దు’ అనడానికి మీ టైమ్ ఖర్చు పెట్టకండి. ఎక్కడ, ఎలా అన్నవి ఇంకా కౌన్సిల్ చేతిలోనే ఉన్నాయి. వాటి మీద మాట్లాడండి.

ఎజెండా తెరవండి

సిటీ మీటింగులు జనం ముందే జరగాలనే రాష్ట్ర చట్టం, బ్రౌన్ యాక్ట్ ప్రకారం మామూలు మీటింగ్‌కి కనీసం 72 గంటల ముందు ఎజెండా పెట్టాలి. అందులో మీ ఐటమ్ నంబర్ రాసుకుని, కింద ఉన్న స్టాఫ్ రిపోర్ట్ (సిటీ ఉద్యోగులు రాసిన వివరణ) చదవండి. వంద పేజీలున్నా భయపడక్కర్లేదు. ఏ స్థలం, ఎకరానికి ఎన్ని యూనిట్లు, ఎంత ఎత్తు, ఈ మూడూ దొరికితే చాలు.

‘ఎకరానికి 30 యూనిట్లు’ అని చూడగానే చాలామంది కంగారు పడతారు. మన గజాల్లోకి మార్చి చూడండి. ఎకరం 4,840 గజాలు, అంటే ఇంటికి 161 గజాలు. హైదరాబాద్‌లో 200 గజాల ప్లాట్‌లో అంతస్తుకి ఒకటి చొప్పున నాలుగు ఫ్లాట్లు వేస్తే, రోడ్లకి పోయే చోటు తీసెయ్యకుండా లెక్కేస్తే ఎకరానికి 97 ఇళ్ళవుతాయి. అలాంటి వీధుల్లో పెరిగిన వాళ్ళం చాలామందిమి. 30 అనేది మనం బెదిరిపోవాల్సిన అంకె కాదని నా నమ్మకం.

చెల్లే మాటే రాసుకోండి

ఊరి అందం పోతుంది, వచ్చేవాళ్ళు ఎలాంటివాళ్ళో అనే మాటలు చట్టం ముందు నిలబడవు. ఇళ్ళ ప్రాజెక్ట్ అన్ని నిబంధనలకీ సరిపోతే, ఆరోగ్యానికో భద్రతకో కచ్చితమైన హాని ఉందని రాతపూర్వక ప్రమాణాలతో చూపిస్తే తప్ప సిటీ దాన్ని తిరస్కరించడం చాలా కష్టం. రైల్వే స్టేషన్ లాంటి పెద్ద ట్రాన్సిట్ స్టాప్‌కి అరమైలు లోపల పార్కింగ్ గురించి వాదించడమూ దండగే. 2023 నుంచి అక్కడ సిటీ ఇన్ని పార్కింగ్ స్థలాలు కట్టి తీరాలని పట్టుబట్టడానికి వీల్లేదు, కొద్ది మినహాయింపులు తప్ప. స్కూళ్ళు నిండిపోతాయనే ముందు మీ డిస్ట్రిక్ట్ లెక్క చూసుకోండి. కూపర్టినో యూనియన్ డిస్ట్రిక్ట్‌లో పిల్లలు తగ్గిపోయి 2022లో ఎలిమెంటరీ స్కూళ్ళు మూశారు.

పనికొచ్చే మాట ఇలా ఉంటుంది: “ఐటమ్ 9 గురించి. మా పిల్లలు ఈ వీధి దాటి స్కూల్‌కి నడిచి వెళ్తారు. ఈ స్థలంలో ఇళ్ళు రావడం నాకు సమ్మతమే. కార్లు బయటికొచ్చే దారి స్కూల్ వైపు కాకుండా మెయిన్ రోడ్డు వైపు పెట్టమని షరతు రాయండి. ఎత్తైన భాగం కూడా ఆ వైపుకే జరిపి, ఒంటి అంతస్తు ఇళ్ళ వైపు తగ్గించే వీలుందేమో చూడండి.” గట్టిగా చదివితే నిమిషం పట్టదు. అడిగింది కౌన్సిల్ చేయగలిగిన పని.

ఆ రాత్రి

ఓటు లేదు, హెచ్‌1బీ మీద ఉన్నాం, మనకెందుకులే అనుకోకండి. పబ్లిక్ కామెంట్‌కి పౌరసత్వం అడగరు. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. ఇండియా నుంచి వచ్చి మీ దగ్గర ఉంటున్న అమ్మానాన్నలు మాట్లాడాలనుకుంటే తెలుగులోనే మాట్లాడొచ్చు. పక్కన మీరు అనువాదం చేస్తుంటే, చట్టం ప్రకారం వాళ్ళకి కనీసం రెట్టింపు టైమ్ ఇవ్వాలి. ఈ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ, మీటింగ్ పనులు చూసే సిటీ క్లర్క్‌కి ముందే చెప్పి ఉంచండి.

స్పీకర్ కార్డ్ నింపి ఇవ్వండి. జూమ్ పెడితే చెయ్యెత్తే బటన్ నొక్కాలి. ఫోన్ ఛార్జ్ చేసుకుని, ఏదైనా తినే వెళ్ళండి. మీ ఐటమ్ పదిన్నరకి రావచ్చు. మాట్లాడటానికి ఇచ్చే మూడు నిమిషాలన్నది జనం ఎక్కువైతే ఒక్క నిమిషం చేస్తారు కాబట్టి అడగాల్సింది మొదటి వాక్యంలోనే అడగండి. ఒకసారి నా ముందు ఒక పెద్దాయన స్వెటర్ జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీసి, తాను ఆ ఊరికి వచ్చిన కథంతా మొదలుపెట్టారు. అసలు కోరిక దగ్గరికి వచ్చేసరికి ఎర్రలైటు వెలిగింది, మైక్ ఆగిపోయింది. కాగితం మడిచి అలాగే వచ్చి కూర్చున్నారు. ఆయన అడగాలనుకున్నది ఒక క్రాస్‌వాక్. అది ఇప్పటికీ నా మనసులో కలుక్కుమంటుంది.

అందుకే అదే మాటను మధ్యాహ్నం లోపే ఈమెయిల్‌లో క్లర్క్‌కి పంపండి. మైక్ ఆగిపోయినా అది రికార్డులో ఉంటుంది.

ఓటు అయ్యాక

జోనింగ్ ఆర్డినెన్స్ (జోనింగ్ మార్చే సిటీ చట్టం) మామూలుగా రెండోసారి కూడా కౌన్సిల్ ముందుకు వస్తుంది. మీరడిగిన షరతు అందులో చేరిందో లేదో చూసుకుని, లేకపోతే మళ్ళీ మెయిల్ రాయండి. ఏటా ఏప్రిల్ 1 లోపు సిటీ ఎన్ని ఇళ్ళకి పర్మిట్లు ఇచ్చిందో రాష్ట్రానికి రిపోర్ట్ పంపాలి. ఆ ఐటమ్ వచ్చే రోజు హాల్లో కుర్చీలన్నీ ఖాళీగా ఉంటాయి. క్రాస్‌వాక్ సంగతి ఎంతవరకు వచ్చిందో ఆ రోజు తీరిగ్గా అడగొచ్చు.