ఊరు దేనివల్ల మునుగుతుందో చూసి ఆట ఎంచుకోండి

కంప్యూటర్‌లో ఊళ్ళు కట్టే ఆటల్లో ఏది మంచిదని అడిగితే పది మంది పది పేర్లు చెబుతారు. ఏ తప్పు చేస్తే ఊరు మునుగుతుందని అడిగి చూడండి, తేడా తెలుస్తుంది. సిటీస్ స్కైలైన్స్‌లో ట్రాఫిక్ ముంచుతుంది, బ్యానిష్డ్‌లో తిండీ ముసలితనమూ, యానో 1800లో సరుకుల లెక్క, ఫ్రాస్ట్‌పంక్‌లో చలి. వీటిలో ఏ తలనొప్పి మీకు సరదాగా ఉంటుందో అదే మీ ఆట. బెంగళూరులో మారతహళ్ళి నుంచి సిల్క్ బోర్డు దాకా రోజూ పాకుతూ వెళ్ళేవాళ్ళకి ఇంటికొచ్చి మళ్ళీ ట్రాఫిక్కా అనిపించొచ్చు. కానీ ఆ కసితోనే మొదలుపెట్టేవాళ్ళు చాలామంది.

కొత్తవాళ్ళకి 2015లో వచ్చిన మొదటి సిటీస్ స్కైలైన్సే మేలు. చేతిలో 70,000 ఆట డబ్బు పెట్టి వదిలేస్తుంది. ముందు ఆటను పాజ్‌లో పెట్టండి. హైవే దిగగానే జంక్షన్ పెట్టకుండా కొంత దూరం రోడ్డు తిన్నగా లాగి, ఆ తర్వాతే అడ్డ వీధులు తీయండి. అందరూ మొదట చేసే పొరపాటు నీళ్ళ దగ్గర జరుగుతుంది. పంపు పెట్టేటప్పుడు నదిలో ప్రవాహం ఎటు పోతుందో బాణాలు కనిపిస్తాయి. పంపు ఎగువన, మురుగు గొట్టం దిగువన ఉండాలి. తిరగేశారో, ఊరంతా తన మురుగు తానే తాగి జబ్బుపడుతుంది. కరెంటుకు మొదట గాలిమర పెట్టండి. బొగ్గు కేంద్రానికి దాదాపు మూడు రెట్లు ఖర్చు, పైగా చుట్టూ నేల పాడవుతుంది. గాలిమర చప్పుడు చేస్తుంది కాబట్టి ఇళ్ళ పక్కన మాత్రం వద్దు.

ఇళ్ళ స్థలాలు ఒకేసారి పెద్దగా గీయకండి. నాలుగు వీధులు నిండాక ఇంకో నాలుగు. ఒక్కసారిగా దిగినవాళ్ళంతా ఇంచుమించు ఒకే వయసు వాళ్ళు. కొన్నేళ్ళకు అందరూ ఒకేసారి పోతారు. శవవాహనాలు చాలవు, ఇళ్ళు ఖాళీ అవుతాయి, పన్నులు పడిపోతాయి. శ్మశానాలు పెంచితే కాస్త ఊరట వస్తుంది గానీ, అసలు కారణం మీరు ఇరవై నిమిషాల క్రితం ఇళ్ళ కోసం గీసిన పచ్చ గళ్ళే.

ఇక ట్రాఫిక్. ఆరు వరుసల రోడ్డు వేసినా ఒక్క వరుసలోనే బళ్ళు నిలబడి, మిగతా ఐదూ ఖాళీగా ఉండటం ప్రతి ఒక్కరికీ ఎదురవుతుంది. బండి తను తిరగాల్సిన మలుపును బట్టి చాలా ముందే వరుస ఎంచుకుంటుంది. అందరి మలుపూ ఒకటే అయితే వరుసా ఒకటే. కాబట్టి రోడ్డు వెడల్పు చేయడం దండగ, రెండో దారి ఇవ్వాలి. ఫ్యాక్టరీలకు ఊరి మధ్య నుంచి కాకుండా హైవేకి నేరుగా వేరే దారి తీయండి. పెద్ద రోడ్డు మీద దగ్గర దగ్గరగా ఉన్న అడ్డ వీధులను సగానికి తగ్గించండి. ట్రాఫిక్ మార్గాల పటంలో జంక్షన్ల పేజీ తెరిస్తే అక్కర్లేని సిగ్నళ్ళను ఒక్క క్లిక్కుతో తీసేయొచ్చు. చిన్న వీధి పెద్ద రోడ్డులో కలిసే చోట సిగ్నల్ తీసి, వీధి వైపు ఆగమనే గుర్తు పెడితే చాలు. ఫ్లైఓవర్ కట్టి దాని చివర మళ్ళీ అదే జంక్షన్‌లో దింపితే ఏమవుతుందో హోసూరు రోడ్డు వాళ్ళకి చెప్పనక్కర్లేదు.

2023లో వచ్చిన రెండో భాగంలో ఊరి స్థలం చాలా పెద్దది. మొదటి దాంట్లో కాలుష్యం నేలకే అంటుకుని ఉంటుంది. ఇక్కడ పొగ గాలివాటున పోతుంది, కాబట్టి ఫ్యాక్టరీలు పెట్టే ముందు గాలి ఎటు వీస్తుందో చూపే పటం చూడాలి. దీనికి గట్టి కంప్యూటర్ కావాలి. కంపెనీ సిఫారసే 16 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో దీని జోలికి పోకండి. ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలు మించి ఆడకపోతే డబ్బు వెనక్కిస్తారు. కానీ చిన్న ఊరు సాఫీగా నడిచినంత మాత్రాన నమ్మకండి. ఆ రెండు గంటల్లోనే ఎవరిదైనా పెద్ద ఊరి సేవ్ ఫైలు తెరిచి చూడండి. మొదటి భాగాన్ని ఎపిక్ అనే మరో దుకాణంలో కొంటే స్టీమ్ వర్క్‌షాప్‌లో ఆటగాళ్ళు చేసి పెట్టే మార్పులు (మోడ్స్) రావు, ఇది కూడా కొనకముందే చూసుకోవాలి. అదనపు ప్యాకులు మొదటి నెల అక్కర్లేదు.

బ్యానిష్డ్ ఒక్క మనిషి చేసిన ఆట, పాత ల్యాప్‌టాప్ చాలు. ఒక్కో ఎదిగిన మనిషి ఏడాదికి సుమారు 100 పాళ్ళ తిండి తింటాడు, ఆ లెక్కన గాదె నింపండి. అసలు చిక్కు ఇళ్ళతో. ఖాళీ ఇల్లు లేకపోతే కుర్రాళ్ళు కాపురం పెట్టరు, పిల్లలు పుట్టరు. ఏడాది తిరిగేసరికి మనుషులకు దాదాపు ఐదేళ్ళు వయసు పెరుగుతుంది కనుక, తెలిసేసరికి ఊరంతా ముసలివాళ్ళే. ఏడాదికి ఒకటి రెండు ఇళ్ళు కడుతూ పోండి. ఒకేసారి పది కడితే పిల్లలు ఎక్కువై తిండి చాలదు.

యానో 1800 లెక్కలు ఇష్టపడేవాళ్ళది. బ్రెడ్డుకు రెండు గోధుమ పొలాలు, ఒక పిండిమర, రెండు బేకరీలు. మర 30 సెకన్లకు ఒక టన్ను ఆడుతుంది, మిగతా రెండింటికీ 60 సెకన్లు, అందుకే ఆ లెక్క. పొలం చుట్టూ గళ్ళు పూర్తిగా నింపకపోతే ఇది కుదరదు. డబ్బొస్తోంది కదా అని రైతుల ఇళ్ళన్నీ పనివాళ్ళ ఇళ్ళుగా మార్చేస్తే పొలాల్లో మనుషులుండరు, బంగాళదుంప దగ్గర నుంచి అన్నీ ఆగిపోతాయి. దుకాణాల్లో ఎరుపు కనిపించిందంటే ముందు మనుషుల లెక్కే చూడండి.

ఫ్రాస్ట్‌పంక్ వారాంతానికి సరిపోతుంది. 80 మందితో మొదలు. మొదటి సాయంత్రానికే బొగ్గు పోగేసి ఊరిని వెచ్చగా ఉంచే జనరేటర్ వెలిగించాలి, పరిశోధనలు జరిగే వర్క్‌షాప్‌లో ఐదుగురు ఇంజనీర్లను పెట్టాలి. ఊరు గీసుకుంటూ తీరిగ్గా కూర్చునే ఆట మాత్రం కాదిది.

డబ్బు పెట్టే ముందు చెయ్యి తిప్పాలంటే రైళ్ళూ బస్సులూ నడిపే ఓపెన్‌టీటీడీ పూర్తిగా ఉచితం, ఫ్యాక్టరీలు కట్టే ఫ్యాక్టోరియోకు ఉచిత డెమో ఉంది. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకపోతే ఆటోసేవ్ వ్యవధి మార్చే వీలున్న ఆటల్లో దాన్ని పది నిమిషాలకు మించకుండా పెట్టుకోండి. వేసవి సాయంత్రం వాన మొదలైందంటే కరెంటు ఎప్పుడు పోతుందో బెంగళూరులో ఎవరూ చెప్పలేరు.