సెకండ్ హ్యాండ్ జర్మన్ కారు: చల్లగా చూడాలి, వేడిగా నడపాలి

పదేళ్ళు దాటిన బీఎండబ్ల్యూ ఫైవ్ సిరీస్, మెర్సిడెస్ ఈ-క్లాస్, ఆడి ఏ6 లాంటివి బెంగళూరులో ఇవాళ కొత్త క్రెటా ధరకన్నా తక్కువకే దొరుకుతున్నాయి. కారు ధర పడిపోయింది గాని దానికి వేసే పార్టుల ధర పడలేదు. పంపు, ఇంజెక్టర్, గేర్‌బాక్స్ మాడ్యూల్ అన్నీ షోరూమ్‌లో కొన్న రోజు లెక్కలోనే ఉంటాయి. అందుకే ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న ప్రశ్నకన్నా ఏ పని ఎప్పుడు చేయించారు, ఏది చేయించకుండా వదిలేశారు అన్నది ముఖ్యం. లక్షా ఇరవై వేలు తిరిగి బిల్లులన్నీ దాచిన కారు, నలభై వేలే తిరిగి మూడేళ్ళు సెల్లార్‌లో మూలపడ్డ కారుకన్నా మేలు.

చూడ్డానికి పొద్దున్నే వెళ్ళండి. స్టార్ట్ చేయకుండా ఉంచమని ముందు రోజే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే చల్లటి ఇంజన్ చేసే శబ్దాలు వినలేం కాబట్టి ఇంకో రోజు వస్తామని చెప్పి వెనక్కి వచ్చేయడమే.

స్టార్ట్ చేయగానే గలగల

రెండు మూడు సెకన్ల పాటు గొలుసు కుదిపినట్టు శబ్దం వచ్చి ఆగిపోతుంది. "రాత్రంతా ఆగింది కదా సార్, ఆయిల్ పైకెక్కాలి" అంటారు అమ్మేవాళ్ళు. ఆ మాటకు తలాడించకండి. వాల్వులను పిస్టన్లతో లయ కలిపి నడిపే గొలుసు, అంటే టైమింగ్ చైన్, సాగి ఉండాలి, లేదా దాన్ని బిగువుగా పట్టే టెన్షనర్ బలం పోయి ఉండాలి.

2012కి ముందరి ఆడి 1.8, 2.0 టీఎఫ్ఎస్ఐ (టర్బో పెట్రోల్) ఇంజన్లలో దోషం టెన్షనర్‌ది. ఇంజన్ ఆగి ఆయిల్ ప్రెషర్ లేనప్పుడు అది వెనక్కి జారితే చైన్ పళ్ళు దాటుతుంది, వాల్వులు వెళ్ళి పిస్టన్లకు తగులుతాయి. టైమింగ్ కవర్ కింది భాగంలో రబ్బరు బిరడా ఉంటుంది. అది తీసి టార్చి వేస్తే టెన్షనర్ ఏ రకమో, ఎంత బయటికి వచ్చిందో కనిపిస్తుంది. పాత రకమైతే మార్చిన డిజైన్ టెన్షనర్, చైన్, గైడ్లు కలిపి ఒకేసారి వేయించాలి. ఎం271 ఇంజన్ ఉన్న మెర్సిడెస్ సి-క్లాస్ పెట్రోల్‌లో చైన్‌తోపాటు క్యామ్ అడ్జస్టర్ల పళ్ళూ అరుగుతాయి. అక్కడ చైన్ ఒక్కటే మారిస్తే కొన్నాళ్ళకు మళ్ళీ అదే గోల.

బీఎండబ్ల్యూ ఎన్47 డీజిల్‌లో, అంటే 2007-2014 కాలపు 320డి, 520డి, ఎక్స్1లలో, చైన్ ఇంజన్ వెనక గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. బానెట్ ఎత్తి, వేరొకరిని 1500 నుంచి 2000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచమని, డాష్‌బోర్డ్ వైపు గోడ దగ్గర వినండి. గరగర వినిపిస్తే చైన్ పని పడినట్టే. చైన్ కిట్ ధర చూసి ధైర్యపడొద్దు. దాన్ని చేరాలంటే ఇంజనో గేర్‌బాక్సో దించాలి, బిల్లులో బరువంతా లేబర్‌దే.

బీఎండబ్ల్యూ ఎన్20 పెట్రోల్ ఇంకో రకం. గలగల ఉండదు, యాక్సిలరేటర్ నొక్కేకొద్దీ ముందువైపు నుంచి సన్నగా ఊళ పెరుగుతుంది. ప్లాస్టిక్ గైడ్లు పెళుసెక్కి విరిగి, ముక్కలు ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి, అంటే సంప్‌లో పడి, ఆయిల్ పంపు జల్లెడను మూసేస్తాయి. చైన్ మార్చామని అమ్మేవాళ్ళు చెబితే సంప్ దించి ఆ జల్లెడ కడిగారా అని అడగండి. కడగకపోతే పని సగమే అయింది.

ఆయిల్ తగ్గిపోవడం, కాలిన వాసన

పై ఆడి ఇంజన్లలోనే 2009-2012 మధ్యవాటికి పిస్టన్ రింగుల దగ్గర ఆయిల్ వెనక్కి దిగే రంధ్రాలు మరీ సన్నవి, మసి పట్టి మూసుకుపోతాయి. వెయ్యి కిలోమీటర్లకు అర లీటరు దాటి తాగుతుంటే మందు పూతలు, అడిటివ్‌లు పనిచేయవు. పిస్టన్లు, రింగులు మార్చాల్సిందే. టెస్ట్ డ్రైవ్‌లో ఇది తేలదు. డిక్కీలో సగం వాడిన ఆయిల్ డబ్బా కనిపిస్తే మాత్రం వేరే ప్రశ్న అక్కర్లేదు. చాలా బీఎండబ్ల్యూలకు డిప్‌స్టిక్ ఉండదు, లెవల్ ఐడ్రైవ్ స్క్రీన్‌లో చూడాలి.

బాగా వేడెక్కాక బానెట్ కింద కాలిన వాసన వస్తే బీఎండబ్ల్యూ పెట్రోళ్ళలో రెండు చోట్ల చూడండి: వాల్వ్ కవర్ గాస్కెట్, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్. రెండోది చిన్న రబ్బరే. అయినా అది కారి ఆయిల్ బెల్ట్ మీద పడితే బెల్ట్ తెగి ఇంజన్ ముందువైపు క్రాంక్ సీల్‌లోకి దూరి ఇంజన్‌కే ముప్పు తెస్తుంది. గాస్కెట్‌తోపాటు తడిసిన బెల్ట్ కూడా మార్చాలి.

సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో బాగుంటుంది, నంది కొండ ఎక్కుతుంటే వేడెక్కుతుంది

కూలింగ్ లోపం సమతల రోడ్డు మీద చాలాసేపు దాక్కుంటుంది. బెంగళూరు దగ్గరి నంది కొండ దాకా వెళ్ళి రావడం మంచి పరీక్ష. ఏసీ పూర్తిగా వేసి ఎక్కండి. తిరిగొచ్చాక ఇంజన్ పూర్తిగా చల్లారనిచ్చి కూలంట్ లెవల్ చూడండి, వేడి మీద మూత తీయకండి. గొట్టాల అతుకుల దగ్గర తెల్లటి పొక్కు, తియ్యటి వాసన ఉంటే లీకు ఉన్నట్టే. గ్యారేజ్‌లో ప్రెషర్ టెస్టర్‌తో 1 నుంచి 1.5 బార్ పట్టించి పావుగంట ఆగితే ముల్లు కిందికి దిగకూడదు.

బీఎండబ్ల్యూలో ఎక్స్‌పాన్షన్ ట్యాంక్, ప్లాస్టిక్ ఫ్లాంజ్‌లు వేడికి పెళుసెక్కి చీలతాయి. ఎన్52, ఎన్55, ఎన్20లలో వాటర్ పంప్ కరెంటుది. బెల్ట్ పంపులా ముందు శబ్దం చేసి హెచ్చరించదు, ఉన్నట్టుండి ఆగిపోతుంది. లక్ష కిలోమీటర్లు దాటి మార్చిన బిల్లు లేకపోతే పంపు, థర్మోస్టాట్ ఖర్చు బేరంలో తగ్గించుకోండి. మార్చాక గాలి తీసే పద్ధతి ఉంది: ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి, హీటర్ గరిష్ఠానికి, ఫ్యాన్ కనిష్ఠానికి పెట్టి, యాక్సిలరేటర్‌ను పది సెకన్లు పూర్తిగా నొక్కితే పంపు సుమారు 12 నిమిషాలు తనంతట తానే తిరుగుతుంది. బ్యాటరీకి ఛార్జర్ తగిలించి చేయాలి.

గేరు మారేటప్పుడు కుదుపు

ఏ గేర్‌బాక్సో తెలుసుకోకుండా జబ్బు చెప్పలేం.

జెడ్ఎఫ్ తయారుచేసే 8 స్పీడ్ ఆటోమేటిక్ గట్టిది. కార్ల కంపెనీలు "లైఫ్‌టైమ్ ఆయిల్" అన్నా, తయారుచేసే జెడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకో ఎనిమిదేళ్ళకో మార్చమంటుంది. ఫిల్టర్ విడిగా రాదు, ప్లాస్టిక్ పాన్‌లోనే కలిసి ఉంటుంది. లెవల్ ఇంజన్ తిరుగుతుండగా, ఆయిల్ 30-50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు సరిచూడాలి. స్కానర్‌లో ఆ ఉష్ణోగ్రత చూడని మెకానిక్‌కు ఈ పని ఇవ్వొద్దు.

మెర్సిడెస్ 7జీ-ట్రానిక్, అంటే 722.9, ఒక గేరులో చిక్కుకుని, ఆపి స్టార్ట్ చేస్తే మామూలవుతుంది. అమ్మకానికి ఇంతకన్నా అనువైన జబ్బు లేదు! గేర్‌బాక్స్ లోపల ఉన్న ఎలక్ట్రానిక్ బోర్డు, అంటే కండక్టర్ ప్లేట్‌లో స్పీడ్ సెన్సర్ పోవడమే ఎక్కువగా కారణం. ప్లేట్ దొంగతనాన్ని అడ్డుకునే లాక్‌తో కారుకు ముడిపడి ఉంటుంది కాబట్టి పాత కారు నుంచి తీసినది తెచ్చి నేరుగా బిగిస్తే పనిచేయదు, మెర్సిడెస్ డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ జెంట్రీతో కోడింగ్ చేసేవాళ్ళే చేయాలి.

ఆడి ఏ3లో వచ్చే డీక్యూ200 గేర్‌బాక్స్ పొడి క్లచ్ రకం. మారతహళ్ళి ట్రాఫిక్‌లో ఒకటి-రెండు-ఒకటి అని పాకించే కొద్దీ వేడెక్కుతుంది. పాకేటప్పుడు వణుకు ఉంటే క్లచ్ ప్యాక్ అరిగింది. ఉన్నట్టుండి డ్రైవ్ పోయి స్పానర్ గుర్తు వెలిగితే గేర్లను మార్పించే మెకట్రానిక్ యూనిట్‌ను అనుమానించాలి. ఏది మార్చినా తర్వాత స్కానర్‌తో బేసిక్ సెట్టింగ్ చేయాలి, లేకపోతే కొత్త క్లచ్ కూడా వణుకుతుంది.

పొద్దునకి ఒక మూల కుంగడం

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న ఎస్-క్లాస్, జీఎల్, క్యూ7 లాంటివాటికి ఇది. సాయంత్రం నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి, పొద్దున మళ్ళీ కొలవండి. తగ్గిన చోట గాలి బ్యాగ్ మడతల మీద, పైప్ అతుకు మీద సబ్బునీళ్ళు కొడితే బుడగలు చూపిస్తాయి. జాకీ స్టాండ్లు లేకుండా కారు కింద చెయ్యి పెట్టొద్దు. లీకును వదిలేస్తే కంప్రెసర్ ఆగకుండా తిరిగి మాడిపోతుంది. అప్పుడు బ్యాగ్, కంప్రెసర్ రెండూ మార్చాలి, రిలే కూడా కొత్తదే వేయాలి. పాత రిలే అతుక్కుపోయి ఉంటే కొత్త కంప్రెసర్‌కూ అదే గతి.

బీఎస్6 డీజిల్: డీపీఎఫ్ లైటు

డీపీఎఫ్ అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్. ఊళ్ళోనే రోజూ ఐదారు కిలోమీటర్లు తిరిగే కారులో ఫిల్టర్‌లో చేరిన మసి కాలడానికి కావలసినంత వేడి రాదు. అనంతపురం దాకా హైవే మీద పోయొస్తే తేలికపాటి కేసులు సర్దుకుంటాయి. స్కానర్‌లో మసి స్థాయి, ఆఖరి రీజనరేషన్ (మసి కాలడం) ఎప్పుడన్నది చూడండి. ఫిల్టర్ కోసి తీసేసిన కారయితే వదిలేయండి.

ఏ లైటూ వెలగదు, అయినా నమ్మకం కుదరదు

ఇగ్నిషన్ వేయగానే చెక్ ఇంజన్ లైట్ ఒకసారి వెలిగి ఆరాలి. వెలగకపోతే దాన్ని పీకేశారు. ఓబీడీ స్కానర్‌లో రెడినెస్ మానిటర్లు, అంటే కారు తనను తాను చేసుకునే పరీక్షలు, అసంపూర్తిగా ఉండి, తప్పుల కోడ్‌లు తుడిచాక తిరిగిన దూరం 20 కిలోమీటర్లే అని చూపిస్తే మీరు వస్తున్నారని తెలిసి తుడిచారు. రెండు రోజులు నడిపించి మళ్ళీ చూడండి. ఓడోమీటర్ అంకెను మీటర్‌లోనే కాక తాళంలో, ఇతర మాడ్యూళ్ళలో దాచుకునే కార్లున్నాయి, ఆ అంకెలు పోల్చండి. బ్యాటరీ ఈమధ్యే మార్చి ఉంటే దాన్ని కారు కంప్యూటర్‌లో రిజిస్టర్ చేశారో లేదో కూడా అక్కడే తెలుస్తుంది.

ముక్కిన వాసన, అకారణంగా వచ్చే ఎలక్ట్రికల్ తప్పులు

2022 సెప్టెంబరు వరదల్లో బెళ్ళందూరు, యెమలూరు వైపు విలువైన కార్లు చాలా మునిగాయి, చెన్నైలో 2015 డిసెంబరులో, 2023 మిచౌంగ్ తుఫానులో కూడా. వీటిలో శుభ్రంగా తుడిచి అమ్మినవి పైకి మేడిపండ్లే. సీట్ బెల్ట్‌ను చివరిదాకా లాగి మట్టి గీత కోసం చూడండి. సీటు పట్టాల బోల్టుల తుప్పు, స్టెప్నీ గుంతలో ఒండ్రు, కార్పెట్ కింద తడి చూడండి. ఈ కార్లలో కొన్ని కంట్రోల్ మాడ్యూళ్ళు సీటు కింద, డిక్కీ అడుగున ఉంటాయి. నీరు తగిలితే కనెక్టర్లు పచ్చబారి ఆరు నెలలకు ఒక్కొక్కటిగా మొండికేస్తాయి. దీనికి మరమ్మతు లేదు, కొనకపోవడమే.

వాసన ఉండి మట్టి లేకపోతే కంగారు వద్దు. సన్‌రూఫ్ మూలల్లోని డ్రెయిన్ గొట్టాలు చెట్ల ఆకులతో పూడుకుని ఉంటాయి. మూలల్లో గ్లాసెడు నీళ్ళు పోసి కింద ఎక్కడ వస్తాయో చూడండి.

వేరే రాష్ట్రం నంబరు

ఢిల్లీలో పాత డీజిళ్ళ మీద వచ్చిన ఆంక్షల వల్ల అక్కడి కార్లు చాలా ఇటు చేరాయి. ధర చవక. కర్ణాటకలో 20 లక్షలు దాటిన కార్లకు లైఫ్ టాక్స్ 18 శాతం, పైన సెస్. వయసును బట్టి తగ్గిస్తారు గాని లెక్క మొదలయ్యేది కారు అసలు ధర నుంచే. ఏపీ, తెలంగాణ నంబర్లకూ ఇదే వర్తిస్తుంది. ఫారం 28 ఎన్ఓసీ, లోన్ ఉంటే అది తీరిందని ఫారం 35 చేతికి వచ్చి, ఆర్టీఓలో టాక్స్ ఎంతో లెక్క తేలాకే టోకెన్ అడ్వాన్స్ ఇవ్వండి.